మూడో టీ

నేను ఒక టెంపరేచర్ సెన్సారుని. చిటికెన వేలంత స్టీలు మొన, దాని వెనక మూడు మీటర్ల నల్ల వైరు. బజార్లోకి వచ్చిన రోజు నా దగ్గరున్న సరుకంతా ఒకే ఒక్క అంకె. నా చుట్టూ గాలి ఎంత వేడిగా ఉందో చెప్పే అంకె. అంతకు మించి పెట్టుబడి లేదు, చదువు లేదు. దాంతోనే బతకాలనుకున్నాను.

నన్ను ఒక డైనో మిషనుకి తగిలించి అమ్మారు. కారు చక్రాల్ని ఇనుప రోలర్ల మీద ఎక్కించి, కదలకుండా బెల్టులతో కట్టి, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కించి, ఇంజను ఎన్ని గుర్రాల బలం ఇస్తోందో కొలిచే యంత్రం అది. ఇందులో ఒక మతలబు ఉంది. ఎండలో గాలి పలచబడి ఇంజను బలం కాస్త తగ్గుతుంది. అందుకని నేను వేడిగా ఉందని చెబితే మిషను జాలిపడి, ఆ తగ్గినంతా కలిపి అచ్చు వేస్తుంది. నేను ఎంత ఎక్కువ చెబితే కారుకి అంత బలం. ఇంజనులోకి గాలిని బలవంతంగా తోసే టర్బో ఉన్న బండికి ఈ కలుపుడు సరిగా వర్తించదని తెలిసినవాళ్ళు అంటారు. తెలిసినవాళ్ళను ఎవరు అడుగుతారు?

మొదటి యజమాని కోయంబత్తూరువాడు. నన్ను ఎక్కడ వేలాడదీయాలో అక్కడే, కారు ముందు ఫ్యాను గాలిలో వేలాడదీశాడు. నిజం కొలిపించుకోవడానికి వచ్చినవాళ్ళు నిజం చేతికందగానే మొహం మాడ్చుకుని వెళ్ళేవాళ్ళు. మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. మూడేళ్ళు ఓపికపట్టి, రోలర్లతో సహా నన్ను వదిలించుకున్నాడు.

రెండో యజమాని భాస్కర్. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు. అతనికి కార్ల గురించి కొంత తెలుసు, కార్లున్నవాళ్ళ గురించి మొత్తం తెలుసు. రెండొందల గుర్రాలు దాటిన ప్రతి బండి కాగితానికీ ఫ్రేము కట్టించి గోడకు కొట్టేవాడు. దాని పక్కన నిలబడి ఫోటో దిగడం కోసమే మనుషులు జిల్లాలు దాటి వచ్చేవాళ్ళు.

ఆ షెడ్డులో ఇంజన్లు విప్పి కట్టే చేతులు మాత్రం మస్తాన్‌వలివి. ముప్పై ఏళ్ళుగా అదే పని. అందులో పదకొండేళ్ళు భాస్కర్ దగ్గరే. బండి బాగా లాగితే 'భాస్కర్ బండి' అనేవాళ్ళు. మస్తాన్‌వలికి కావలసింది ఒక్కటే, షెడ్డు బోర్డు మీద తన పేరు. భాస్కర్ ఆ సంగతి కనిపెట్టి చాలా కాలం దాచుకున్నాడు, అవసరానికి వాడదామని.

నిఖిలేశ్ ఏలూరు వైపు చేపల చెరువులవాళ్ళ అబ్బాయి. చిన్న ఎర్ర కారుకి పెద్ద టర్బో పెట్టించుకున్నాడు. ఇంజను కట్టింది మస్తాన్‌వలి.

"ఇది రెండొందలు దాటిందనుకో భాయ్, బోర్డు మీద నీ పేరు కూడా రాయించేస్తా," అన్నాడు భాస్కర్.

శుక్రవారం పొద్దున కారుని రోలర్ల మీద కట్టారు. నేను నా చోట్లో ఉండి ముప్పై నాలుగు అన్నాను. మిషను నూట ఎనభై ఎనిమిది అచ్చు వేసింది. మస్తాన్‌వలి కాగితం బానెట్ మీద పరిచాడు.

"పై బలం గీత చూసి మురిసిపోకు బాబూ. అది నోరు, ఎంతైనా వాగుద్ది. కింది గీత చూడు, పెట్రోలుకి గాలెంతో చెప్పుద్ది, అది కడుపు. అయిదువేల నాలుగొందల చుట్ల దగ్గర పైకి లేస్తంది, చూశావా? గాలికి తగ్గ పెట్రోలు అందట్లేదు. బండికి దాహమేస్తంది. ఇక్కడితో ఆపితే పదేళ్ళు తిరుగుద్ది."

"నూట ఎనభై ఎనిమిదా?" నిఖిలేశ్ కాగితం మీదికి వంగాడు. "మా బావ బండి నూట తొంభై ఆరు భాయ్! రేపు మా అక్కావాళ్ళింట్లో అన్నం ఎట్టా తినను?"

మస్తాన్‌వలి నవ్వి, చేతులు కడుక్కుని, జుమ్మా నమాజుకి వెళ్ళిపోయాడు. పొద్దున ఇంజను సరిగా వేడెక్కలేదని, మళ్ళీ తొక్కి చూద్దామని భాస్కర్ నిఖిలేశ్‌ని కార్లో కూర్చోబెట్టి పక్క టీకొట్టు కోటమ్మను కేకేశాడు.

"ఉన్నది ఇద్దరు. మూడు టీలేంటయ్యా?" అంది కోటమ్మ, గ్లాసులు దించుతూ.

"మూడోది లోపల పనిచేసేవోడికి. వాడిదాంట్లో పంచదార వెయ్యలేదు కదా?"

"షుగరా పాపం?"

"నీరసం కోటమ్మా. కాస్త వేడి పడితే లేచి కూర్చుంటాడు."

మూడో గ్లాసులో నన్ను ముంచాడు. నేను డెబ్బై అన్నాను. అబద్ధం చెప్పలేదు, ఆ టీ డెబ్బై డిగ్రీలే ఉంది. నా పని నా చుట్టూ ఉన్నదాని వేడి చెప్పడం, అది గాలా టీనా అని అడగడం కాదు. మిషను పాపం బెజవాడ ఉడికిపోతోందనుకుని అదే ఇంజనుకి రెండొందల ఒకటి ఇచ్చింది. నిఖిలేశ్ కారు దిగి భాస్కర్‌ని ఎత్తుకున్నాడు.

మస్తాన్‌వలి రెండింటికి వచ్చాడు, తల మీద టోపీ ఇంకా తీయలేదు. భాస్కర్ కాగితం, పెన్ను ముందుకు తోశాడు. ఇంజను కట్టినవాడు సంతకం చేయడం ఆ షెడ్డులో ఆనవాయితీ.

"పెట్టు భాయ్. రేపు పెయింటరొస్తున్నాడు."

మస్తాన్‌వలి చూపు కాగితం మూలకు వెళ్ళింది. అక్కడ చిన్న అక్షరాల్లో డెబ్బై డిగ్రీలని ఉంది. ఎన్నో ఏళ్ళుగా ఆ మూల చదివిన మనిషి ఆ షెడ్డులో అతనొక్కడే. తరవాత నా వైపు చూశాడు. నా మొన మీద టీ ఇంకా ఆరలేదు. జేబులోంచి గుడ్డ తీసి నన్ను శుభ్రంగా తుడిచాడు. తుడిచి, సంతకం పెట్టాడు.

శనివారం బోర్డు మారింది. 'భాస్కర్ అండ్ మస్తాన్ టర్బో వర్క్స్.' మస్తాన్‌వలి రోడ్డు దాటి అవతలి నుంచి చూసి వచ్చేవాడు. సాయంత్రం భార్యను స్కూటరు మీద తీసుకొచ్చి, దిగనివ్వకుండానే చూపించి తీసుకెళ్ళాడు. పనుందని చెప్పాడు, పనేం లేదు.

ఆదివారం ఊరి బయట పాడుబడ్డ రన్‌వే మీద బావా బావమరుదుల పందెం. ఎర్ర కారు ఓడిపోయింది. సోమవారం నిఖిలేశ్ షెడ్డులో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"రెండొందల ఒకటి నూట తొంభై ఆరు చేతిలో ఎట్టా ఓడుద్ది అన్నా?"

టైర్లన్నారు, పెట్రోలన్నారు, గేరు మార్చడం రాలేదన్నారు. నూట ఎనభై ఎనిమిది ఓడిపోయిందని అనగలిగిన మనుషులు ఇద్దరే. ఒకడు అనడు, రెండోవాడు అనలేడు.

"బూస్టు ఇంకాస్త ఎక్కిద్దాం, టర్బో ఇంకా గాలి తొయ్యాలి," అన్నాడు భాస్కర్.

"వద్దండీ. పెట్రోలు చాలదు."

"కాగితం బాగానే ఉందని సంతకం పెట్టావు కదా భాయ్? మరి బాలేదా?"

మస్తాన్‌వలి బయటికి చూశాడు. అక్కడి నుంచి బోర్డు వెనక వైపే కనిపిస్తుంది. లోపలికి తిరిగి స్క్రూడ్రైవరు తీసుకున్నాడు.

మరుసటి ఆదివారం మూడో గేరులో ఇంజను ఆగిపోయింది. కారుని లారీ మీద మోసుకొచ్చారు. మస్తాన్‌వలి ఇంజను హెడ్డు విప్పి చూస్తే మూడో పిస్టను కరిగి బెజ్జం పడి ఉంది. అందులో వేలు దూర్చి చూసుకున్నాడు. వేలు అవతలికి వచ్చింది.

సోమవారం నిఖిలేశ్ ఆ కాగితంతో వచ్చాడు. ఈసారి మూల చదివింది వాళ్ళ బావ.

"మీ షెడ్డులో కొలిచారా, ఇడ్లీ పాత్రలో కొలిచారా అని అడిగాడన్నా! ఇంటిల్లిపాదీ నవ్వారు. డెబ్బై డిగ్రీలేంటి?"

భాస్కర్ కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఆ మూలను అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు చాలాసేపు చూశాడు.

"సంతకం ఎవరిది?" అన్నాడు.

"నేను లేనండీ అప్పుడు," మస్తాన్‌వలి కాగితం మీద అచ్చైన టైము మీద వేలు పెట్టాడు. "నమాజుకెళ్ళాను. టైమ్ చూడండి, ఒకటీ నలభై. కోటమ్మా, నువ్వు చెప్పు, మూడు టీలు ఎవరు చెప్పారు?"

గ్లాసులు ఏరుకుంటున్న కోటమ్మ భాస్కర్ మొహం చూసింది. రోజుకు ముప్పై టీలు పోయే షెడ్డు అది.

"ఎన్ని ఇచ్చానో గుర్తుంటది గానీ ఎవరు చెప్పారో, ఎవరు తాగారో నాకెందుకయ్యా?"

భాస్కర్ కాగితం మడిచాడు. "సరే భాయ్, నువ్వు లేవు. లేనోడివి సంతకం ఎట్టా పెట్టావు?"

మస్తాన్‌వలి ముందున్నవి రెండే దారులు. చూసి పెట్టానంటే దొంగ, చూడకుండా పెట్టానంటే చేతకానివాడు. రెండింటిలో ఏది ఒప్పుకోవాలో తేల్చుకునేలోగా నిఖిలేశ్ అతని మొహం మీద కాగితం విసిరేశాడు. మస్తాన్‌వలి తన స్పానర్లు గోనెసంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. పెయింటర్ ఆ సాయంత్రమే వచ్చి 'మస్తాన్' చెరిపి 'కో' అని రాశాడు. చిన్న మాట కదా, పక్కన చాలా ఖాళీ మిగిలింది.

నన్ను కత్తిరించి ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఫ్రేముల పక్కన మేకుకి తగిలించారు. కింద కాగితం అంటించారు: 'మోసానికి వాడిన సెన్సారు. ఇప్పుడు మా దగ్గర తాళం వేసిన పెట్టెలో కొత్తది ఉంది.' ఆ పెట్టె తాళంచెవి భాస్కర్ దగ్గర ఉంటుంది. వచ్చినవాళ్ళు నన్ను చూసి చీదరించుకుని, భాస్కర్ నిజాయితీకి తలలు ఊపి, తమ బండి రోలర్ల మీద ఎక్కిస్తారు. ఈ మధ్య రెండొందలు దాటే బండ్లు ఎక్కువయ్యాయి.

ఇక తేలిన లెక్క. భాస్కర్‌కి వచ్చింది నమ్మకం. నిఖిలేశ్‌కి కొత్త ఇంజను, ఇదే షెడ్డులో కట్టించుకున్నాడు. వాళ్ళ బావకి జీవితాంతం సరిపడా హాస్యం. కోటమ్మకి అవే ముప్పై టీలు. నాకు ఒక మేకు, నీడపట్టున చోటు, అడిగేవాళ్ళు లేని తీరిక. మస్తాన్‌వలి ఆరో రోడ్డులో లారీ రేడియేటర్లకు అతుకులు వేస్తున్నాడట, ఇంజను మాత్రం ఎవరూ చేతికివ్వరు. అతను పెట్టింది ముప్పై ఏళ్ళు, వచ్చింది తొమ్మిది రోజుల బోర్డు.