ఊదుతూ తీసిన అచ్చు

ఆ సాయంత్రం సాధనలో పెద్దాయన కింది కట్టుడు పళ్ళు మూడోసారి జారి ట్రంపెట్‌కి తగిలాయి. పక్కవాళ్ళు బూట్ల తాళ్ళు సర్దుకునే వంకతో తలలు దించుకున్నారు. బ్యాండు మాస్టరు మాత్రం నవ్వలేదు. మూడు వారాల్లో పార్కులో కచేరీ ఉందనీ, ముందురోజు సాధనలో పాట తెగితే ప్రధాన వాద్యగాడు కూర్చునే మొదటి కుర్చీ ఇంకొకరికి ఇవ్వక తప్పదనీ నెమ్మదిగా చెప్పాడు. ఇరవై ఆరేళ్ళుగా ఆ కుర్చీ పెద్దాయనదే.

ఇంటికొచ్చి ఆయన పళ్ళు అంటించే పొడి ఇంకాస్త దట్టించబోతే, భార్య డబ్బా లాక్కుంది.

"గోడే లేనిచోట సున్నం ఎంత పూస్తే ఏం లాభం? పదండి డాక్టరు దగ్గరికి."

డాక్టరమ్మ ఎక్స్‌రే చూపించింది. పళ్ళన్నీ పోతే దవడ ఎముక ఏటికేడు కరుగుతుందట. ఈయన కింది దవడ గట్టు దాదాపు చదునైపోయింది. పన్నెండేళ్ళ కిందటి పళ్ళ సెట్టు మళ్ళీ ఎవరికీ చూపించలేదు, పడుకున్నప్పుడైనా తీయలేదు. ఎందుకని అడిగితే, బోసినోటితో భార్య కంట పడలేకనని గొణిగాడు.

"నలభై ఏళ్ళ కాపురంలో నేను చూడనిది అదొక్కటే మిగిలిందా?" అంది భార్య.

ఎముకలో మరలు బిగించి పళ్ళు నిలపాలంటే నెలలు పడుతుంది. ఈలోగా కొత్త సెట్టుని బుగ్గలూ నాలుకా పట్టుకునేలా చేస్తానంది డాక్టరమ్మ. మెత్తటి ముద్ద నోట్లో పెట్టి, అది గట్టిపడేలోగా మాట్లాడాలి, మింగాలి. కండరాలు ఎటు నెడితే అచ్చు అలా వస్తుంది.

"నేను మాట్లాడేది తక్కువ, ఊదేది ఎక్కువ," అన్నాడాయన.

మర్నాడు ట్రంపెట్ వెంట తెచ్చాడు. డాక్టరమ్మ ముద్ద నోట్లో పెట్టి, తలుపు మూసి, "ఊదండి" అంది. బయట కూర్చున్నవాళ్ళు పంటినొప్పి మరిచి విన్నారు.

కొత్త పళ్ళు వచ్చాక చిగుళ్ళు ఒరుసుకుపోయాయి. డాక్టరమ్మ చేత సెట్టు అంచులు రెండుసార్లు అరగదీయించుకున్నాడు. గంజి తాగుతూ, రోజుకో పావుగంట పెంచుకుంటూ ఊదాడు.

కచేరీ ముందురోజు సాధనలో, పై స్వరం దగ్గర సెట్టు కదిలింది. నాలుకతో అదిమిపట్టి పాట పూర్తిచేశాడు. మాస్టరు కుర్చీల వరస చూసి, ఏదీ మార్చకుండా రెండో పాట కాగితం తిప్పాడు.

ఇల్లు చేరగానే ఆయన భార్య ఎదుటే పళ్ళు తీసి నీళ్ళ గిన్నెలో వేశాడు.

"కుర్చీ నాదే," అన్నాడు బోసినోటితో.

ఆవిడ ఆ నోటి వంక తేరిపార చూసి, గిన్నె మీద మూత పెట్టింది.