ఇంటి నుయ్యి, తోట నుయ్యి

పెద్దతల్లి తన చేత్తో ఎవరికీ మంచినీళ్ళివ్వదు. ఎవరొచ్చినా కుండ చూపించి, "ముంచుకోండమ్మా" అంటుంది. కాశీబుగ్గలో వాళ్ళ వీధికి కొత్తగా వచ్చినోళ్ళు పొగరనుకుంటారు. పొగరా, పాడా! పదేళ్ళ కిందట ఆవిడ మొగుడు మల్లేశ్వరరావు కిడ్నీలు పాడై చనిపోయాడు. వజ్రపుకొత్తూరు దగ్గర వాళ్ళ సొంత ఊళ్ళో సర్వే చేసినవాళ్ళు, ఇంటి నూతి నీళ్ళు తాగిన కుటుంబాల్లోనే జబ్బు ఎక్కువని రాశారు. ఆ నీళ్ళు తోడిచ్చిన చెయ్యి నాదే కదా అని, అప్పట్నుంచీ ఆ చేతికి శిక్ష వేసుకుంది.

కూతురు దుర్గాదేవి ఉద్యోగం కూడా ఆ జబ్బు గురించే. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద వచ్చిన అధ్యయనాలన్నీ పోగేసి, వాటి మాట ఎంతవరకు నమ్మొచ్చో తేల్చాలి. నమ్మకానికి నాలుగు మెట్లు: ఎక్కువ, మధ్యస్థం, తక్కువ, మరీ తక్కువ. ఇలాంటి సర్వేలు ఎలాగూ 'తక్కువ' దగ్గరే మొదలవుతాయి; లోపం దొరికితే ఇంకో మెట్టు దిగుతాయి. ఆ వేళ సొంత ఊరి సర్వేయే ముందుకొచ్చింది. 'ఏ నీళ్ళు తాగుతారని పగటిపూట ఇళ్ళలో ఉన్న ఆడవాళ్ళని అడిగాం' అన్న వాక్యం దగ్గర దుర్గాదేవి ఆగిపోయింది.

పగలు నాన్న ఇంట్లో ఎప్పుడున్నాడు? తెల్లారకముందే జీడితోటకి పోతే, పొద్దుగూకాకే రావడం. బడి లేనప్పుడు చద్దన్నం తనే పట్టుకెళ్ళేది. తోట నూతిలో చేద వేసి, నాన్న దోసిట్లో నీళ్ళు పోసేది. మోచేతుల మీంచి కారిపోతున్నా, "పొయ్యమ్మా, ఇంకా పొయ్యి" అని నవ్వేవాడు. పండిన జీడిమామిడి వాసన, ఆ చల్లటి నీళ్ళు. ఎంత మంచి రోజులవి!

తన జ్ఞాపకం సాక్ష్యం కాదని ఆమెకి తెలుసు. కానీ లోపం సర్వే పత్రంలోనే కనబడుతోంది. మగవాళ్ళు పగలంతా ఏ నీళ్ళు తాగారో ఎవరూ అడగలేదు. 'మరీ తక్కువ' అని రాసి, లేచి తల్లి దగ్గరికెళ్ళింది.

"అమ్మా, మనూరి సర్వేని నమ్మలేమే."

జీడిపప్పు పొట్టు తీస్తున్న చేతులు ఆగాయి. "అంటే, మన నుయ్యి కాదా?"

కాదనేస్తే ఎంత బాగుణ్ణు! దుర్గాదేవికి ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"కాదనీ సెప్పలేం, ఔననీ సెప్పలేం. పగలంతా నాన్న తాగింది తోట నీళ్ళు. వాటి సంగతి ఎవరూ సూడలేదు." తల వంచుకుంది. "ఆ నీళ్ళు దోసిట్లో పోసింది నేనే."

పెద్దతల్లి కూతురి మొహం చూసింది. పదేళ్ళుగా అద్దంలో చూసుకుంటున్న మొహమే అది.

"ఓలమ్మా! నువ్వు కూడా మొదలెట్టేసినావేటి?"

గబగబా లేచి, చేతులు కొంగుకి తుడుచుకుని, కుండలో చెంబు ముంచి తెచ్చింది.

"దోసిలి పట్టు."

ఆవిడ తన చేత్తోనే పోసింది. సగం నీళ్ళు నేలపాలయ్యాయి. దుర్గాదేవి తాగుతూనే ఉంది.

"పొయ్యమ్మా," అంది, "ఇంకా పొయ్యి."