అత్త దిద్దుకున్న పాఠం

మా వైపు ఆడపిల్లకు కాపురం పాఠాలు చెప్పేది కన్నతల్లి కాదు, మేనత్త. మా అక్క నబుకాలును పెళ్లికి ముందు మూడు వారాలు అరటితోటలో కూర్చోబెట్టి నాంటుమే అత్త అన్నీ నేర్పింది. "మొగుడు పిలిస్తే కాదనకు. అలసట, జ్వరం అన్నీ సాకులే" అన్నది అందులో మొదటి పాఠం.

ఏడాదిన్నర తిరక్కుండానే అక్క రెండు నెలల పసిదాన్ని వీపున కట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. పురిటి గాయం మానకముందే బావ బలవంతం చేశాడు. వద్దని ఏడ్చినా ఆగలేదు. అది ఒకసారితో పోలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివిన మొదటిదాన్ని నేనే కాబట్టి, నేనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. గాయానికి మందిచ్చారు. భయం మాత్రం పోలేదు. పక్కింట్లో గిన్నె జారిపడినా అక్క ఉలిక్కిపడి లేచేది.

అక్క వచ్చిన మూడో ఆదివారం మా బావ సెంపాలా కోడిపుంజును చంకలో పెట్టుకుని వచ్చాడు. పుట్టింటికి వచ్చేసిన భార్యను తీసుకెళ్లాలంటే అల్లుడు అలాగే రావాలి. పుంజును పుచ్చుకుని, నమలడానికి కాఫీ గింజల బుట్ట ముందుకు జరిపితే ఇక అక్కను పంపినట్టే. ఆ బుట్ట అత్త ఒళ్లో ఉంది. మా ఆచారంలో పిల్లనిచ్చిన అత్తగారు అల్లుడి కంట పడకూడదు కనుక అమ్మ వంటింట్లోనే ఉండిపోయింది.

నేను నోరు తెరవబోయాను.

"చదువులమ్మా, ఇది నా పని. నువ్వు కూర్చో" అంది అత్త. తర్వాత బావ వైపు తిరిగింది. "ఏమబ్బాయ్, అది వద్దంటే నువ్వేం చేశావు?"

"నా భార్యే కదండీ! పెళ్లిరోజు మీరే అన్నారుగా, పిల్లకు కాదనడం తెలీదు, అలా నేర్పాను అని."

అత్త బుట్టను ఒళ్లోకి ఇంకాస్త లాక్కుంది. చాప మీద అక్క తల ఎత్తలేదు. నాన్న దగ్గి, అత్తతో "అక్కా, తప్పయిందంటున్నాడు, పుంజు కూడా తెచ్చాడు..." అని నసిగాడు.

"తప్పయిందని ఎప్పుడన్నాడ్రా? నాకు వినపడలేదే!" అంది అత్త. మళ్లీ బావతో, "అవును, అన్నాను. నాకూ అదే నేర్పారు. ఇరవై ఏళ్లు పళ్లు బిగబట్టి పడుకుని, కాపురమంటే ఇంతే అనుకున్నాను. దానికి తప్పుడు పాఠం చెప్పింది నేను. నీకైతే ఏ పాఠమూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు విను. అది వద్దంటే వద్దనే. పెళ్లామైనా సరే."

"మరి ఎప్పుడు పంపుతారు?"

"పంపడానికి అదేమన్నా మేకా? రావాలనుకుంటే అదే వస్తుంది. వద్దనుకుంటే ఇక్కడే ఉంటుంది." అత్త బుట్ట మీద మూత పెట్టేసింది. నాన్న మూసిన బుట్ట వైపు చూసి, "మా అక్క మాటే నా మాట" అన్నాడు.

"పుంజును గట్టిగా పట్టుకో నాయనా, బండి మీద ఎగిరిపోతుంది" అని, తిరిగి వెళ్తున్న బావకు అత్త వాకిట్లోంచి కేకేసింది.

అక్క పసిదాన్ని పక్కలో వేసుకుని అక్కడే చాప మీద ఒరిగింది. క్షణంలో నిద్రపట్టేసింది.

"ఇక నీ వంతు" అంది అత్త నాతో. "నీకు మొదటి పాఠం మారింది. వద్దు అను, చూద్దాం."

"వద్దు."

"అంత మెల్లగానా? కాలేజీలో నోరు కుట్టేశారా?"

"వద్దూ!"

వాకిట్లో కోళ్లన్నీ చెల్లాచెదురయ్యాయి. వంటింట్లోంచి అమ్మ గరిటెతో పరుగెత్తుకొచ్చింది. అక్క మాత్రం లేవలేదు.