అత్తమ్మ ముఖానికి దిద్దుబాట్లు

మా అత్తమ్మ జయమ్మ కర్నూలు ఆసుపత్రిలో న్యుమోనియాతో పోయింది. పెద్దకర్మకు హాల్లో పెట్టడానికి ఫోటో కావాలి. ఇల్లంతా వెతికితే ఆధార్ కార్డు మీద ఉన్నది తప్ప ఇంకొకటి దొరకలేదు. ఎవరైనా ఫోన్ పైకెత్తితే చాలు, ఆమెకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చి లేచి వెళ్ళిపోయేది. పాలు లేని రోజుల్లో కూడా.

ఆ కార్డు పట్టుకుని నేనూ మా ఆయన ఆదిత్యా ఆదోనిలో ఉమేర్ స్టూడియోకి వెళ్ళాం. ఉమేర్ కార్డు వంక చూసి, "తల ఇది సరిపోతుందన్నా. బాడీ సెలెక్ట్ చేసుకోండి," అని కంప్యూటర్‌ను మావైపు తిప్పాడు.

తెర నిండా తలల్లేని ఆడవాళ్ళు. అందరికీ పట్టుచీరలు, అందరికీ కాసులపేర్లు. కొందరు కుర్చీల్లో కూర్చున్నారు, కొందరు చేతులు జోడించి నిలబడ్డారు. తల ఒక్కటే తక్కువ గానీ ఏ లోటూ లేని సంసారాలు. మా ఆయన వంగపండు రంగు చీర మీద వేలు పెట్టాడు.

"అత్త ఇట్లాంటి చీర ఎప్పుడు కట్టింది?" అన్నాను మెల్లగా.

"బతికినప్పుడు కట్టలేదు. ఇప్పుడన్నా కట్టుకోనీ," అన్నాడు. నేను ఉమేర్ వైపు తిరిగి తలూపాను.

"కలర్ కొంచెం లేపుతానక్కా," అన్నాడు ఉమేర్. "ఎనక జలపాతం పెడ్తా. హంసలు ఫ్రీ."

పెద్దకర్మకు వచ్చిన బంధువులందరికీ ఫోటో నచ్చింది. "ఎంత కళగా ఉందో, పెండ్లికూతురు మాదిరి!" అన్నారు. మా మామయ్య రామకృష్ణయ్య కండువా సర్దుకుని, ఫోటో ముందు నిలబడి, కాసేపు పరీక్షగా చూసి, "ఎవరమ్మా ఈమె?" అని నన్నడిగాడు.

దుఃఖంలో అన్నాడనుకున్నారు అందరూ. దుఃఖం సంగతేమో గానీ, ఆయన నిజంగానే అడిగాడని నాకు తెలుసు. ఎమ్మిగనూరు హైస్కూల్లో డ్రాయింగ్ మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ముక్కుకీ ముక్కుకీ తేడా తెలియకుండా మాట్లాడడు. కిరాణా కొట్టువాళ్ళిచ్చిన క్యాలెండర్‌లో లక్ష్మీదేవి చిటికెనవేలు పొడుగైందని పెన్నుతో దిద్దినవాడు.

మామయ్యకు రోజూ పొద్దున కాఫీ అయ్యాక పంచలో కూర్చుని బొమ్మ వేయడం అలవాటు. దాన్ని ఆయన పని అనడు, ఆట అంటాడు. పాత క్యాలెండర్ కాగితాల వెనక పెన్సిల్ బొమ్మలు, దళసరి కాగితం మీద నీటిరంగులు. తడి రంగు మీద ఉప్పు చల్లి, అది రంగును తాగి చుక్కలు చుక్కలుగా విచ్చుకుంటుంటే చూస్తూ కూర్చునేవాడు. టీ డికాక్షన్‌తో కొండలు, నీలిమందుతో ఆకాశం. ఓసారి నా సాంబారు పొడితో ఎండ వేశాడు, బాగానే వచ్చింది. మిల్లు వైపు నుంచి ఎగిరొచ్చిన పత్తి నూగు తడి రంగులో అతుక్కుంటే తీసేవాడు కాదు. "అదీ ఆడుకునేదానికే వచ్చిందిలే," అనేవాడు.

ఆ బొమ్మల్లో ఎక్కువ భాగం అత్తమ్మే. ఒకనాడు ఆమె ఆవిరి చిమ్మే కుక్కర్, ఇంకోనాడు మమ్మల్నందర్నీ తలుపు దగ్గర వేలాడేసుకుని పోయే ఎమ్మిగనూరు బస్సు. అత్తమ్మ చూసి, "పనీ పాటా లేదయ్యా నీకు," అని ఆ కాగితాన్ని తీసుకెళ్ళి వంటింటి అరల్లో ఊరగాయ జాడీల కింద పరిచేది. ఉగాది ముందు ఇల్లు దులిపినప్పుడు నూనె మరకల కాగితాలన్నీ చెత్తబండి ఎక్కేవి. కొత్తవి పరిచేది. కొత్తవాటికి ఏనాడూ కరువు లేదు కాబట్టి ఎవరమూ ఒక్కటీ దాచలేదు.

పెద్దకర్మ అయ్యాక కూడా మామయ్య పంచలో కూర్చోవడం మానలేదు. గ్లాసులో నీళ్ళు పెట్టుకునేవాడు. కుంచెతో కాగితం తడిపేవాడు. అది ఆరిపోయేది. మళ్ళీ తడిపేవాడు. నేను టిఫిను తెచ్చేసరికి కాగితం తెల్లగానే ఉండేది.

ఒకరోజు ప్లేటు అందుకోకుండా, "మీ అత్త మొగం మతికి రాలేదమ్మా," అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"కండ్లు మూసుకుంటే ఆ పోటోనే వస్తాంది. హంసలతో సహా. దాన్ని నూకి ఎనక సూద్దామంటే ఏమీ లేదు. ఇన్నేండ్లు ఒక కప్పు కింద ఉండి, దినామూ గీసి, ఇప్పుడు మొగం యాడ పోయిందమ్మా?"

ఆ గొంతులో ఏడుపు లేదు, భయం ఉంది. శ్మశానంలో కూడా ఆయన ఏడవలేదు. మనిషి పోయింది, ముఖం కూడా పోతే ఈయన దగ్గర ఇక ఏం మిగులుతుంది?

అందుకే మర్నాడు ఎమ్మిగనూరు బస్సెక్కాను. అక్కడ అత్తమ్మ చెల్లెలు శాంతమ్మ ఉంది. నాకు చిన్నత్త. అల్మారా పైనుంచి ఆల్బమ్ దించి దుమ్ము నా మీదికే దులిపింది.

"ఇదో, మా అక్క పెండ్లి. సూడు ఎన్ని పోటోలో!"

ఎన్ని ఉంటే ఏం? అన్నింట్లోనూ తల వంచుకునే ఉంది. బాసికం, పూలజడ, పాపిట, అంతే.

"ఒక్కసారన్నా తలెత్తలేదా చిన్నత్తా?"

"తలెత్తితే గడుసుదంటారని మా అమ్మ గిచ్చుతాండె, ఎనక కూసోని. నీ మాదిరి పోటోగ్రాఫర్‌కే సలహాలిచ్చే కాలమా అది?"

నా పెళ్ళిలో నేను ఇచ్చిన సలహాలు ఎమ్మిగనూరు దాకా వచ్చాయన్నమాట. మిగతా పేజీలు తిప్పాను. ఒక గుంపు ఫోటోలో అత్తమ్మ నిలబడ్డ చోట ఎవరి పిల్లదో బెలూన్ ఉంది. బెలూన్ మాత్రం స్పష్టంగా పడింది.

"పోటో యాల? నన్ను తీస్కపో మీ మామకాడికి. అందరూ మా అక్క మాదిరే ఉంటావంటారు," అంది చిన్నత్త. పూరీలాంటి ముఖం ఆమెది. అత్తమ్మది అలా కాదు. మరి ఎలా?

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఒక్క వంటింట్లో, ఒక్క గట్టు దగ్గర, ఉప్పు ఎక్కువైందనీ తక్కువైందనీ ఆమెతో నేను పోట్లాడని రోజు లేదు. గొంతు వినిపిస్తోంది, గాజులు వినిపిస్తున్నాయి. ముఖం దగ్గరికొచ్చేసరికి వంగపండు చీర, జలపాతం. ఆదోని వచ్చేదాకా ఎన్నిసార్లు ప్రయత్నించినా అంతే. మామయ్య భయం ఏమిటో అప్పుడు తెలిసింది నాకు.

మర్నాడు పొద్దున పంచలో ఆయన పక్కన చాప వేసుకుని, అడక్కుండానే ఒక కాగితం, పెన్సిల్ తీసుకున్నాను. నాది బి.కాం. బార్ డయాగ్రామ్ తప్ప బొమ్మంటూ వేసి ఎరగను. ఒక గుండ్రం గీశాను. రెండు కళ్ళు, ఒక ముక్కు.

మామయ్య ఓరగా చూశాడు. "ఏమిదీ?"

"అత్త."

"ఇది మీ అత్తనా? కొబ్బరికాయకు పీసు తీసినట్టుంది." తన కాగితం వైపు తిరిగాడు. ఊరుకోలేకపోయాడు. "ముక్కు అంత పొడుగుంటాదేమ్మా ఎవరికన్నా? దా, ఇట్లియ్యి." నా చేతిలో పెన్సిల్ లాక్కుని నా గీత మీదే ఇంకో గీత గీశాడు. "కొన ఈడికొచ్చి కొంచెం ఎడమకు తిరుగుతాది."

ఆ మాట అని, పెన్సిల్ ఎత్తి, తన చేతి వంకే చూసుకున్నాడు. ఆ ముక్కు అత్తమ్మది. దాని చుట్టూ ఉన్నది నా కొబ్బరికాయ.

గుర్తు తెచ్చుకోమంటే రాదు. తప్పు కళ్ళబడితే మాత్రం చెయ్యి ఆగదు. తరగతి గదిలో ఎన్నేళ్ళు కుండ బొమ్మలు దిద్దిన చెయ్యి! ఆ పూట ఇడ్లీలు చల్లారిపోయాయి గానీ నాకు ఒక దారి దొరికింది.

ఆ తర్వాత నుంచి రోజూ ఒక అత్తమ్మను వేశాను. మొదటి తప్పులు నిజంగా రాక చేసినవే. తర్వాతవి అంత నిజాయితీ గలవి కావు. ముక్కుపుడక కావాలనే అటువైపు పెట్టాను. "ఈ పక్కమ్మా!" అన్నాడు విసుగ్గా. కనుబొమల్ని ఇంద్రధనుస్సులా వంచాను. "యాడ సూసినావు అట్ల? మీ అత్తవి గీత గీసినట్టు నేరుగా ఉంటాయి. అందుకే ఊరికే ఉన్నా కోపంగా ఉన్నట్టు కనపడతాది." చెవి తమ్మెలు చిన్నవిగా వేస్తే సాగదీశాడు. నుదురు వెడల్పు చేస్తే తగ్గించాడు. ఒక్కో ముక్కా అలా వచ్చి చేరుతోంది. అన్నీ కలిసి ఒక మనిషి మాత్రం ఇంకా కాలేదు.

ఒకరోజు నేను గీస్తుంటే, తల తిప్పకుండానే, "కావాలనే తప్పులు పెడ్తాండావు గదమ్మా," అన్నాడు.

దొరికిపోయాను. "కొన్ని కావాలని మామా. కొన్ని రాక."

"ఏవి ఏవో సెప్పాకు," అన్నాడు.

ఇక నోరు మిగిలింది. మర్నాడు పొందికగా మూసిన పెదవులు వేశాను, స్టూడియో ఫోటోలో ఉన్నట్టు. మామయ్య కాగితాన్ని ఒళ్ళోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"నోరు ఇట్ల కాదు," అన్నాడు.

"మరి?"

నా బొమ్మను పక్కన పెట్టి దళసరి కాగితం తీశాడు. తడిపాడు. మట్టిరంగు ఒక్క బొట్టు వదిలి కాగితాన్ని అటూ ఇటూ వంచాడు. రంగు తనంతట తనే పాకింది. అది పాకిన చోటల్లా ఆయన కుంచె కొన వెంట వెళ్ళింది. బుగ్గలు లోపలికి పోయాయి. కళ్ళ కింద గుంటలు తేలాయి. ఎండి చీలిన పెదవులు ఒక పక్కకు లాగి ఉన్నాయి, మాట బయటికి రాక. ముక్కు మీదుగా ఆక్సిజన్ మాస్కు, దాన్నుంచి కిందికి జారిన గొట్టం.

ఆసుపత్రిలో చివరి రోజుల అత్తమ్మ. లోపలికి ఒక్కొక్కరినే పంపినప్పుడు మామయ్య చూసిన ముఖం, నేను చూసిన ముఖం.

"ఇదమ్మా," అన్నాడు. "దీన్ని సూడలేక తలుపేసుకున్నట్టుండా. దీని ఎనకాలున్నవన్నీ కూడా లోపల్నే ఇరుక్కున్నాయి."

తప్పులు పెట్టిపెట్టి మనిషిని నేను తెచ్చి నిలబెట్టింది ఇక్కడా?

"వద్దు మామా. చించేద్దాం."

"చించాకు. ఇదీ ఆమెదే గదా."

కుంచె నీళ్ళలో ముంచి అలాగే పట్టుకున్నాడు. నీటి చుక్కలు పంచె మీద పడుతున్నాయి. వీధిలో పాలవాడు వచ్చి, పిలిచి, నేను లేవకపోతే గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు.

తర్వాత మామయ్య వంగి, ఆ గొట్టాన్ని కొంచెం లావు చేశాడు. ఇంకొంచెం. అడ్డంగా మడతలు గీశాడు. గొట్టం తొండమైంది. రెండు పక్కలా తడి కుంచెతో లాగితే చాటంత చెవులు విచ్చుకున్నాయి. తొండం చివర పైకెత్తి, దానికి సెలైన్ బాటిల్ పట్టించాడు. మంచం మీద కూర్చున్న ఒక పెద్ద ఏనుగు, తన సెలైన్ తనే పట్టుకుని, నర్సులెవరి మీదా నమ్మకం లేనట్టు మా వంక చూస్తోంది. నేరుగా ఉన్న ఆ కనుబొమలు, ఆ ముక్కుపుడక, ఆ చూపు.

నాకు నవ్వొచ్చేసింది, ఆపుకోలేకపోయాను. మామయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో నాకు తెలియలేదు. "జయా," అన్నాడు. "జయా, ఎంత కష్టపడితివే," అని మోకాళ్ళ మీద తల పెట్టుకుని, ఒళ్ళంతా కదిలిపోయేలా ఏడ్చాడు. నేను పక్కనే కూర్చున్నాను.

మార్కెట్ యార్డుకు బయల్దేరుతున్న మా ఆయన ఆ ఏడుపు విని బండి తాళాలతోనే పంచలోకి పరుగెత్తుకొచ్చాడు. ముందు తండ్రిని చూశాడు. తర్వాత కాగితాన్ని.

"ఏంది నాయనా ఇది! సచ్చిపోయినామెను ఏనుగు జేస్తావా? ఎవరన్నా సూస్తే ఏమనుకుంటారు? నీకన్నా బుద్ధుండొద్దా కన్యకా?"

ఇంకా ఏదో అనబోయి ఆగాడు. వంగి చూశాడు. మెల్లగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మ అట్లే సూస్తాండె," అన్నాడు. "నేను లోపలికి పోయినప్పుడల్లా. అన్నం తిన్నావా అని అడిగేదానికి."

తాళాలు కింద పెట్టి ఆ కళ్ళ వైపు వేలు చాచాడు.

"ముట్టాకు రా," అన్నాడు మామయ్య, కండువాతో ముఖం తుడుచుకుంటూ. "ఇంకా పచ్చిగుండాది."