కదలని నీలిరంగు

విశ్వవిద్యాలయపు ఈతకొలనులో పాత స్కోరుబోర్డును దించి, గోడంత కొత్త తెరను బిగించినప్పుడు సంతోషించనివారు లేరు. పాతదానిలో సగం అంకెలు వెలిగేవి కావు. తక్కిన సగం ఆరేవి కావు. ఈ రెండో లోపమే మా మేనకోడలికి ఆధారమైందని మాలో ఎవరమూ ఊహించలేదు.

ఆమె డైవర్. ఎత్తైన పలక మీది నుంచి ఎగిరి, గాలిలో రెండున్నర పిల్లిమొగ్గలు వేసి, తలకిందుగా నీటిలోకి దిగాలి. తెర వచ్చిన నాటి నుంచి దిగడం పోయి పడటం మొదలైంది. వీపు కందిపోయేది. రాబోయే పోటీలోనూ ఇలాగే పడితే జట్టులో చోటు ఉండదని కోచ్ తేల్చి చెప్పాడు.

"భయపడుతోందండీ," అన్నాడు నాతో.

ఆ మాట నాకు రుచించలేదు. భయమే కారణమైతే ఆమె వేసే డైవులన్నీ చెడాలి. ఒక్క పిల్లిమొగ్గవి చక్కగానే ఉన్నాయి. చుట్లు లెక్కపెట్టవలసినవే చెడుతున్నాయి.

"గాలిలో ఎన్ని చుట్లయ్యాయో నీకెలా తెలుస్తుందే?" అని అడిగాను.

తల తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది. "ఎదురుగా పాత బోర్డు పచ్చగా మెరిసేది కదత్తా! ఒకసారి మెరిస్తే ఒకటి, ఇంకోసారి మెరిస్తే రెండు. అప్పుడు ఒళ్లు విప్పేదాన్ని. ఇప్పుడేమో ఆ తెర మీద మొదటి చుట్టులో ఎవడిదో మొహం, రెండో చుట్టులో టూత్‌పేస్టు ప్రకటన!"

"ఇన్నాళ్లూ చెప్పవేం?"

"నాకు తెలిస్తేగా!"

కోచ్ పకపకా నవ్వాడు. "ఆడలేక మద్దెల ఓడందిట నీలాంటిదే."

"మద్దెల నిజంగానే ఓడైతే ఏం చెయ్యాలి సార్?" అంది మేనకోడలు.

అతని నవ్వు ఆగింది. ముగ్గురమూ తెర నడిపే ఇంజనీరమ్మ దగ్గరకు వెళ్లాం.

"విజిల్ నుంచి నీళ్లలో పడేదాకా బొమ్మలాపి ఒకే రంగు ఉంచుతా. దానికేం భాగ్యం?" అందామె. "కానీ నీ ఒక్కదానికే అంటే నిర్వాహకులు ఒప్పుకోరమ్మాయ్."

"అందరికీ ఉంచండక్కా. రంగును నేనేమైనా మూటగట్టుకుపోతానా?"

నిర్వాహకులు ఒప్పుకున్నారు.

పోటీనాడు మేనకోడలి చివరి డైవు. విజిల్ మోగగానే ప్రకటనలు మాయమై గోడంతా నిశ్చలమైన నీలమైంది. ఆమె పలకను తొక్కి లేచింది, ముడుచుకుంది, తిరిగింది, మళ్లీ తిరిగింది. సరిగ్గా విప్పుకోవలసిన చోట గీసిన గీతలా నిటారుగా సాగింది. నీరు ఆమెను చప్పుడు చేయకుండా లోపలికి తీసుకుంది.

నీలం తొలగి అంకెలు పడ్డాయి. జట్టులో చోటు మాత్రమే కాదు, మొదటి స్థానమూ ఆమెదే. గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది. "అదీ దెబ్బ!" అని అరుస్తూ కోచ్ నా భుజం చరిచి, మరుక్షణమే నాలుక కరుచుకున్నాడు.

ఆమె మాత్రం తెర వైపు చూడనేలేదు. నీటిపైకి తేలి, నా కోసం వెతికి, చెయ్యెత్తింది: రెండు వేళ్లు నిటారుగా, మూడోది సగానికి మడిచి.