సభలో చెప్పని పేరు

వంతెన కూలిన తొమ్మిదో రోజున శాసనసభ సమావేశమైంది. అధికారుల గ్యాలరీలో చివరి కుర్చీలో రహదారుల శాఖ సెక్షన్ ఆఫీసరు ఒదిగి కూర్చుంది. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆవిడ ఒక్క ఫైలు కూడా పోగొట్టలేదు. ఒకదాన్ని పక్కన పెట్టింది, అంతే. పాదచారుల వంతెన దూలాలు తుప్పు పట్టాయి, వెంటనే మూసేయాలి అని తనిఖీ ఇంజినీరు రాసిన నివేదిక అది. అక్కకి ఆపరేషనని ఆస్పత్రికి పరుగెత్తే హడావుడిలో, కవరు విప్పకుండానే మామూలు కాగితాల దొంతరలో పెట్టేసింది. వారం తర్వాత సెలవు నుంచి వచ్చేసరికి దొంతర అలాగే ఉంది. వంతెన లేదు. నలుగురు పోయారు.

మంత్రి ఆ శాఖకి వచ్చి మూడు నెలలు కూడా కాలేదు. ఆ నివేదిక ఆయన గడప తొక్కనే లేదు. తప్పు చేసినవాళ్ల పేరు బయటపెట్టి చేతులు దులుపుకోమని సొంత పార్టీవాళ్లే పొద్దుట్నుంచీ ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. ఆ అధికారి ఎవరని ప్రతిపక్షం నిలదీసేసరికి, పైన గ్యాలరీలో ఆవిడ తల దించుకుంది.

మంత్రి లేచాడు. "అధికారులు ఈ సభలోకి వచ్చి జవాబు చెప్పుకోలేరు. వాళ్ల తరఫున చెప్పడానికే నన్నిక్కడ కూర్చోబెట్టారు. నా శాఖలో జరిగింది కాబట్టి బాధ్యత నాది," అని, మంత్రి పదవికి రాజీనామా ఇచ్చేశానని చెప్పి కూర్చున్నాడు.

గండం గట్టెక్కిందని ఆఫీసంతా ఊపిరి పీల్చుకుంది. ఆవిణ్ణి ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. మంచి మాటా అనలేదు. ఆవిడ క్యాంటీనులోకి అడుగుపెడితే కబుర్లు తెగిపోయేవి, పక్క కుర్చీ ఖాళీ అయ్యేది. అక్కకి చెప్పుకోబోతే, మంత్రిగారే నెత్తిన వేసుకున్నాక ఇంక నీకెందుకే ఈ దిగులు అని మాట మార్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆవిడ మంత్రి బంగళాకి వెళ్లింది. నిన్నమొన్నటిదాకా కార్లు బారులు తీరిన గేటు దగ్గర ఒక్క పురుగు లేదు. ఆయన నేలమీద కూర్చుని తన పుస్తకాలు తనే తాడుతో కడుతున్నాడు. ఆవిడెవరో గుర్తుపట్టలేదు.

"ఆ ఫైలు నా బల్ల మీదే ఆగిపోయిందండీ."

ఆయన ముడి వదిలేసి, కుర్చీమీది పుస్తకాలు తీసి ఆవిణ్ణి కూర్చోమన్నాడు. "ఎవరో ఒకరి బల్ల మీదేనని తెలుసమ్మా. పేరు మాత్రం అడగలేదు. తెలిస్తే నోరు జారతానేమోనని భయం."

"మీరు మొయ్యాల్సింది కాదండీ ఇది."

"నా వంతే మోశాను. సభకి జవాబు చెప్పాల్సింది నేను, చెప్పేశాను. మీ వంతు నేను మొయ్యలేదు, మొయ్యలేను కూడా. విచారణ ఇంకా జరుగుతోందిగా." చిన్నగా నవ్వాడు. "ఫోను మోగి నాలుగు రోజులైంది. చెడిపోయిందేమోనని ఇందాకే ఎత్తి చూశాను."

ఆవిడ రెండో కట్ట పూర్తయ్యేదాకా తాడు పట్టుకుని, వచ్చేసింది.

మర్నాడు విచారణ గది బయట బల్లమీద ఆవిడ పక్కన ఒక పెద్దావిడ కూర్చుంది. వంతెన మీద కొడుకుని పోగొట్టుకున్నదట. మీ వాళ్లెవరు పోయారమ్మా అని జాలిగా అడిగింది.

"మావాళ్లెవరూ పోలేదమ్మా. వంతెన మూయమని వచ్చిన కాగితం నేనే చూడలేదు."

పెద్దావిడ సంచీ తీసుకుని లేచి, వరండా ఆ చివర బల్లమీదికి వెళ్లి కూర్చుంది. లోపలికి పిలిచేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. సెక్షన్ ఆఫీసరు ఇచ్చిన మూడు పేజీల వాంగ్మూలంలో అక్క ఆపరేషను మాట లేదు.

ఆవిణ్ణి హోదా తగ్గించి ఎక్కడో చిన్న ఊరికి బదిలీ చేశారు. మంత్రికి మళ్లీ పదవి రాలేదు. సభలో వెనక వరసలో కూర్చుంటున్నాడని ఆవిడ పేపర్లో చదివింది. బదిలీ అయిన ఊళ్లో ఆవిణ్ణి ఎరిగినవాళ్లు లేరు. ఆదివారాలు అక్క ఫోను చేస్తుంది. మందులు వేసుకుంటున్నావా అని ఆవిడ అడుగుతుంది. వేసుకుంటున్నానంటుంది అక్క. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు వెతుక్కోవలసి వస్తుంది.