దివాలాకైనా నోచుకోని సంఘం

చమురు ధర పడిపోయిన ఏడాది పశ్చిమ టెక్సస్‌లో అప్పుచేసి ఇళ్ళు కట్టుకున్నవాళ్ళు బాకీ తీర్చలేక ఇంటి తాళంచెవులు తెచ్చి ఎల్డన్ ప్రూయిట్ బల్లమీద పడేసి వెళ్ళిపోయారు. ఊరి పొదుపు, గృహరుణాల సంఘానికి అతను అధ్యక్షుడు. తండ్రి పెట్టిన సంఘం. కాస్త గడువు దొరికితే నిలబెట్టుకోవచ్చని ప్లీడరు హార్లన్ దగ్గరికి పరుగెత్తాడు.

"దివాలా పిటిషన్ వేద్దాం. కోర్టు నీడన కొన్నాళ్ళు తలదాచుకుంటాం."

హార్లన్ తల అడ్డంగా ఊపాడు. "బూట్ల కొట్టువాడు వేయొచ్చు, రైతు వేయొచ్చు, రేపు నువ్వూ వేయొచ్చు. పొదుపు సంఘానికి మాత్రం ఆ తలుపు తెరవరయ్యా, బ్యాంకుల్లాగే. సర్కారువాళ్ళొచ్చి తాళం వేస్తారు. ఈలోపు ఈ సంగతి ఎవరి చెవినన్నా వేశావో, జైలుకే!"

మర్నాడు వదిన లెటీ వచ్చింది. అన్న పోయాక పొలం అమ్మిన సొమ్మంతా ఇక్కడే దాచింది. సంఘం మునిగితే సర్కారు పూచీ మనిషికి లక్ష డాలర్లకే. ఆమెది అంతకు దాదాపు రెండింతలు.

"ఊళ్ళో ఏదేదో అనుకుంటున్నారు. డబ్బు తీసేయనా, ఎల్డన్?"

బల్లకేసి చూస్తూ, "నన్నడక్కు వదినా," అన్నాడు.

"ఓస్, నిన్ను కాక ఎవర్నడుగుతా? కంగారేం లేదన్నమాట!" నవ్వుతూ వెళ్ళిపోయింది.

వెనక్కి పిలవబోయాడు. అద్దం అవతల టైర్ల కొట్టు గస్ సొమ్ము జమచేయడానికి నిలబడి ఉన్నాడు. ఎల్డన్ మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు.

శుక్రవారం మూసేవేళకి అధికారులు వచ్చారు. సోమవారానికి తలుపుమీద వేరే పేరుంది. లెటీదీ, గస్‌దీ, ఇంకొందరిదీ పూచీ దాటిన సొమ్ములో చాలావరకు మునిగింది.

వేసవిలో ఎల్డన్ చెరువుగట్టునున్న తన విడిదిల్లు, పడవ అమ్మి చెక్కు పట్టుకుని వెళ్ళాడు. లెటీ వరండాలో బొబ్బర్లు ఒలుస్తోంది.

"గస్‌కీ ఇచ్చావా?"

"అందరికీ ఎక్కణ్ణుంచి తేను వదినా?"

"వాడికి సంఘంలో చుట్టం లేడు కదా. పట్టుకుపో." బొబ్బర్లు ఒలుస్తూనే అంది: "చెప్పలేదని తప్పుపట్టను. ఆ రోజు కనీసం నా మొహంలోకి చూడాల్సింది."

ఆ చెక్కు హార్లన్‌కిచ్చి నష్టపోయినవాళ్ళందరికీ పంచమన్నాడు. తలా కాస్త వచ్చింది. లెటీ తన వాటా పుచ్చుకుంది. ఎప్పుడూ పిలిచే ఆదివారం భోజనానికి మాత్రం అతన్ని మళ్ళీ పిలవలేదు.